ఆకాశంలో డీజిల్ ఇంజిన్ – ప్రొఫెసర్ హ్యూగో యుంకర్స్

డీజిల్ ఇంజిన్ అనగానే మనకు లారీ, బస్సు, ట్రాక్టర్, పొలం గట్టు మీద ఆయిల్ ఇంజిన్ గుర్తొస్తాయి. ఆ ఇంజిన్‌తో విమానాన్ని నడపడానికి ఒక జీవితకాలం శ్రమించిన మహనీయుడు హ్యూగో యుంకర్స్.

ఆయన 1859 ఫిబ్రవరి 3న జర్మనీలోని రైట్ పట్టణంలో జన్మించారు. తండ్రికి నేత మిల్లు ఉండేది. ఇంజనీరింగ్ చదివిన యుంకర్స్ 1888లో డెస్సౌ పట్టణం చేరి గ్యాస్ ఇంజిన్లపై పరిశోధన మొదలుపెట్టారు. ఒకే సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదిలే ఇంజిన్‌ను 1892లో తయారు చేశారు. తర్వాత నీళ్లు కాచే గ్యాస్ హీటర్ల కంపెనీ స్థాపించి, ఆ లాభాలను పరిశోధనకే ఖర్చు పెట్టారు. 1897లో ఆహెన్ సాంకేతిక కళాశాలలో ప్రొఫెసర్ అయ్యారు.

విమానాలను కర్రతో, గుడ్డతో కడుతున్న ఆ రోజుల్లో, 1915లో, పూర్తిగా లోహంతో చేసిన విమానాన్ని ఎగురవేశారు. 1919లో ఎఫ్-13 అనే లోహపు ప్రయాణికుల విమానాన్ని ప్రపంచానికి అందించారు.

ఇక ఇంజిన్ సంగతి. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వతో ఇంధనం మండుతుంది. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన ఇంధనం తనంతట తానే అంటుకుంటుంది. ఇంధనం ఆదా అవుతుంది, అగ్నిప్రమాద భయం కూడా తక్కువ. కానీ ఆ ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇంజిన్ బరువుగా ఉండాలి. విమానానికి బరువే శత్రువు.

1928లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ డీజిల్ విమానాన్ని ఎగురవేసినా ఆ ఇంజిన్ ఎక్కువ కాలం నిలవలేదు. యుంకర్స్ తన పాత ఎదురు పిస్టన్ల పద్ధతినే వాడి, సిలిండర్ హెడ్‌ను, వాల్వులను తీసేసి బరువు తగ్గించారు. 1929లో, 70 ఏళ్ల వయసులో, తన డీజిల్ ఇంజిన్ గాలిలో పనిచేయడం చూశారు. తర్వాత వచ్చిన యూమో-205లో 6 సిలిండర్లు, 12 పిస్టన్లు ఉండేవి. సుమారు 600 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజిన్ బరువు 600 కిలోల లోపే.

అయితే 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యుద్ధ విమానాల కోసం ఆ ఫ్యాక్టరీలు కావలసి వచ్చాయి. శాంతిని కోరే యుంకర్స్ అంగీకరించలేదు. దేశద్రోహం నేరం మోపుతామని బెదిరించి పేటెంట్లు, వాటాలు రాయించుకున్నారు. డెస్సౌ నుండి వెళ్లగొట్టి గృహనిర్బంధంలో ఉంచారు. 1935 ఫిబ్రవరి 3న, తన 76వ పుట్టినరోజు నాడే, ఆయన కన్నుమూశారు. తర్వాత ఆయన పేరున్న విమానాలే ఊళ్లపై బాంబులు కురిపించాయి.

1938లో యూమో-205 అమర్చిన డోర్నియర్ విమానం ఇంగ్లండ్ తీరం నుండి బ్రెజిల్ వరకు 8,000 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగిరింది. అది చూడడానికి ఆయన లేరు.

యుద్ధానంతరం జెట్ ఇంజిన్లు రావడంతో విమాన డీజిల్ మరుగున పడింది. 2000 తర్వాత చిన్న విమానాలలో అది మళ్లీ వచ్చింది. కారు డీజిల్ ఇంజిన్ ఆధారంగా జర్మనీలో చేసిన ఇంజిన్‌కు 2002లో అనుమతి లభించింది. సీసం కలిపిన విమాన పెట్రోల్ బదులు, పెద్ద విమానాశ్రయాలన్నిటా దొరికే జెట్ ఇంధనంతోనే ఇవి నడుస్తాయి.

మిత్రులారా! యుంకర్స్ మనలా పేదింట పుట్టలేదు. కానీ 33 ఏళ్ల వయసులో పట్టిన ఆలోచనను 70 ఏళ్లకు గాని గాలిలో చూడలేకపోయారు. ఫ్యాక్టరీ, పేటెంట్లు, ఊరు లాక్కోగలిగారు గాని, ఆయన చేత ఒప్పు అనిపించుకోలేకపోయారు. మనం సంపాదించే డిగ్రీతో పాటు ఆ పట్టుదల, ఆ నిబ్బరం కూడా నేర్చుకుందాం.