జార్జి షా

మదనపల్లె చేరువనున్న అంగళ్లు గ్రామమునకు కొలది దూరములో హార్సిలీ కొండలు గలవు. ఆ కొండలలో నల్లని ఎలుగుబంట్లు తిరుగాడును. చెదపుట్టను త్రవ్వుచున్న ఎలుగుబంటిని చూచి మరియొక మృగమని భ్రమించు పసులకాపరి ఆ సీమలో ఉండడు. కాని గొప్ప పండితుడొకడు అట్లు భ్రమించెను. ఆయనయే జార్జి షా.

షా 1751వ సంవత్సరమున ఇంగ్లండులోని బియర్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి మతగురువు. కుమారుడును ఆక్సుఫర్డులో చదివి 1772లో ఎం.ఏ. పట్టము పొంది, మతదీక్ష గైకొనెను. అయినను ఆయన మనస్సు ప్రకృతిశాస్త్రమునందే లగ్నమై యుండెను. ఎడింబరో నగరమునకేగి వైద్యము నేర్చెను. పిదప ఆక్సుఫర్డులో వృక్షశాస్త్రాచార్య పదవిని కోరగా, మతదీక్ష పొందినవాడు దానికి అర్హుడు కాడని త్రోసిపుచ్చిరి! షా లండను చేరి వైద్యవృత్తి నవలంబించెను. 1788లో లిన్నేయసు పేరిట వెలసిన విద్వత్సంఘమును స్థాపించినవారిలో ఆయన యొకడు. 1791లో బ్రిటిషు మ్యూజియమున ఉద్యోగము లభించెను.

ఆ సంవత్సరముననే మన దేశపు ఎలుగుబంటి ఆయన పరిశీలనకు వచ్చెను. ఆ కాలమున జంతువుల కులగోత్రములను నిర్ణయించుటకు దంతములే ముఖ్య సాక్ష్యములు. దక్షిణ అమెరికాలో చెట్టుకొమ్మలకు తలక్రిందుగా వ్రేలాడు స్లాత్ అను మందగమన జంతువునకు ముందుపండ్లు లేవు. గోళ్లు మిక్కిలి పొడవు. ఈ ఎలుగుబంటికిని పొడవైన వంకర గోళ్లున్నవి. పైదవుడ ముందుపండ్లలో నడిమి రెండును లేవు. షా ఈ పోలికలను నమ్మి దానిని స్లాత్‌ల జాతిలో చేర్చి, బ్రాడిపస్ ఉర్సినస్, అనగా ఎలుగుబంటివంటి స్లాత్, అని పేరిడెను.

నిజమునకు ఆ గోళ్లు పుట్టలు త్రవ్వుటకు, ఆ పంటిసందు చెదలను పీల్చుటకు ఏర్పడినవి. పుట్టను పగులగొట్టి, ముక్కుపుటములు మూసికొని, పెదవులను గొట్టమువలె చాచి అది చెదలను లోనికి లాగికొనును. పుట్టచెంత నిలిచి దానిని చూచు భాగ్యము షాకు లభింపలేదు.

1799లో ఆస్ట్రేలియానుండి ప్లాటిపస్ అను వింతజంతువు చర్మము వచ్చినపుడు ఆయన మిక్కిలి జాగరూకుడయ్యెను. మృగదేహమునకు ఎవరో బాతుముక్కును అతికించిరేమో యని శంకించి, నిశితముగా పరీక్షించి, మోసము లేదని తేలిన పిదపనే దానిని వర్ణించెను. తన సందేహమును గ్రంథములో దాపరికము లేక వ్రాసికొనెను కూడ. అది సామాన్యమైన ధైర్యము కాదు.

షా 1813లో మరణించెను. 1817లో ఫ్రెంచి పండితుడు బ్లాంవిల్ మన జంతువును ఎలుగుబంట్లలో చేర్చెను. నేడు ఆ కుటుంబమున ఎనిమిది జాతులు సజీవముగా నున్నవి. ధ్రువపుటెలుగుబంటి, చైనాదేశపు పెద్ద పాండాయు అందులోనివే. మన ఎలుగుబంటి శాస్త్రీయనామము మెలర్సస్ ఉర్సినస్. మొదట పెట్టిన జాతినామమును నిలుపవలెనను నియమముచే షా పెట్టిన ఉర్సినస్ అను మాట అందు మిగిలినది. ఆంగ్లేయులు దానిని ఇప్పటికిని స్లాత్ ఎలుగుబంటి యనియే పిలుతురు. అంగళ్లువారికి మాత్రము అది ఎలుగుబంటియే.