ఉద్యోగాలు సృష్టించిన బడి

హోసే మరియా అరిజ్మెండియారియెటా 1915లో స్పెయిన్ దేశపు బాస్క్ ప్రాంతంలో రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నప్పుడే ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. అయినా చదువు మానలేదు.

1941లో క్రైస్తవ మతగురువుగా మోండ్రగాన్ ఊరికి వచ్చారు. అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. ఎటు చూసినా పేదరికమే. ఊరివాళ్ల చందాలతో 1943లో 20 మంది పిల్లలతో సాంకేతిక పాఠశాల తెరిచారు.

ఆ బడిలో చదివిన ఐదుగురు ఉద్యోగాల్లో చేరారు. కార్మికులకూ కంపెనీలో వాటా ఇమ్మంటే యాజమాన్యం ఒప్పుకోలేదు. దాంతో ఉద్యోగాలు వదిలి, గురువుగారి ప్రోత్సాహంతో 1956లో స్టవ్‌ల ఫ్యాక్టరీ పెట్టారు. తమ ఇంటిపేర్లలోని అక్షరాలు కలిపి ఉల్గోర్ అన్నారు. అక్కడ కార్మికులే యజమానులు. మనిషికి ఒక్కటే ఓటు. పెట్టుబడి కోసం 1959లో సహకార బ్యాంకు కూడా వచ్చింది.

గురువుగారు సలహాదారుగానే ఉన్నారు, అధికారం కోరలేదు. 1976లో కన్నుమూశారు.

కష్టాలు రాకపోలేదు. ఉల్గోర్ వారసత్వంగా ఎదిగిన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసింది. అప్పుడు తోటి సంఘాలు ఎందరో సభ్యులకు తమ దగ్గర పని చూపించాయి. నేడు మోండ్రగాన్ సంఘాల్లో దాదాపు 70,000 మంది పనిచేస్తున్నారు.

మిత్రులారా! ఒక్క గదిలో పట్టే పిల్లలతో మొదలైన బడి ఇది. హాస్టల్లో ఒకే పంక్తిలో కూర్చుని తిన్న మనం, బయటికెళ్లాక కూడా కలిసి నిలబడితే చేయలేనిదేముంది?