చెవిలో నీళ్ళు పోశాడు... నోబెల్ అందుకున్నాడు!

తెల్లవారుజామున పక్క మీద కుడివైపుకి ఒత్తిగిల్లానో లేదో, ఇల్లంతా గిర్రున తిరిగిపోయింది. ఫ్యాను, బీరువా, గోడ మీది క్యాలెండరు అన్నీ ఒకటే పరుగు. మంచంపట్టె గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అర నిమిషంలో ఆగిపోయింది. కానీ ఆ అర నిమిషంలో నా పని అయిపోయిందనే అనుకున్నాను.

పైత్యం చేసిందిలే అని మా అత్తమ్మ నిమ్మకాయ నీళ్ళలో ఉప్పేసి ఇచ్చింది. మావారు బీపీ చూపించమన్నారు. చూపిస్తే బాగానే ఉంది. రక్తం తక్కువేమోనని పరీక్ష చేయిస్తే అదీ బాగానే ఉంది. ఒకచోట మెడ ఎముకలు అరిగాయన్నారు, ఇంకోచోట నరాల బలహీనతన్నారు. మాత్రలేసుకుంటే నిద్ర తప్ప ఇంకేమీ లేదు. అటక మీది డబ్బా తీయాలన్నా భయమే, దండెం మీద బట్టలు ఆరేయాలన్నా భయమే. మా తడలో ఉంటూ మేడెక్కి శ్రీహరికోట రాకెట్టు చూడనివాళ్ళు ఉంటారా? ఆ ఏడాది నేను చూళ్ళేదు. తలెత్తితే కదా!

చివరికి చెన్నైలో ఓ చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఓ పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి నా కళ్ళలోకి చూసింది. నాకేమో లోకం తిరిగిపోతోంది, ఆవిడేమో నింపాదిగా చూస్తోంది! జబ్బు మెడలో లేదు, నరాల్లో లేదు, లోపలి చెవిలో ఉందని తేల్చింది. కళ్ళు చూసి చెవి సంగతి చెప్పడమేమిటని ఆరా తీస్తే రాబర్ట్ బరానీ కథ దొరికింది.

1876 ఏప్రిల్ 22న వియన్నాలో పుట్టాడాయన. ఆరుగురు పిల్లల్లో పెద్దవాడు. చిన్నతనంలోనే ఎముకల క్షయ వచ్చి మోకాలు బిగుసుకుపోయింది. అయినా టెన్నిస్ ఆడటం మానలేదు, కొండలెక్కడం మానలేదు. వైద్యం మీద మనసు పడిందీ ఆ మోకాలి వల్లేనట. 1900లో డాక్టరయ్యాడు. జర్మనీలో కొన్నాళ్ళు తిరిగి, 1903లో వియన్నాలో ఆడమ్ పొలిట్జర్ అనే పెద్ద డాక్టరు నడిపే చెవి ఆస్పత్రిలో చేరాడు.

అంతకుముందు తల తిరిగిందంటే మెదడులో రక్తం పోటెత్తిందనో, మూర్ఛ అనో అనేవాళ్ళు. చెవి వల్ల కూడా వస్తుందని 1861లో పారిస్‌లో మెనియేర్ అనే డాక్టరు చెప్పాడు గానీ, దాన్ని పరీక్షించి తేల్చే దారి ఎవరికీ తెలియదు.

ఆ దారి బరానీకి చెవులు కడుగుతుంటే దొరికింది! చీము కారే చెవుల్లోకి పిచికారీతో నీళ్ళు కొట్టడం అక్కడ రోజువారీ పని. కొందరికి కళ్ళు తిరిగేవి, కనుగుడ్లు ఓ పక్కకి టకటకా కొట్టుకునేవి. అది ఆ ఆస్పత్రిలో అందరూ చూసిందే. ఒకరోజు ఓ రోగి, నీళ్ళు చల్లగా ఉంటేనే తనకిలా అవుతుందని, ఇంట్లో వెచ్చటి నీళ్ళతో కడుక్కుంటే ఏమీ కాదని చెప్పాడు. బరానీ ఆ మాట కొట్టిపారేయలేదు. నర్సుని వేడినీళ్ళు తెమ్మన్నాడు. ఆమె మరీ వేడిగా తెచ్చింది. రోగి చెవి కాలుతోందని అరిచాడు, మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. బరానీ చూస్తే ఈసారి కనుగుడ్లు అటు కాక ఇటు కొట్టుకుంటున్నాయి!

మన పెరట్లో వేణ్ణీళ్ళ కాగు తలుచుకోండి. మంట కింద ఉన్నా వేడెక్కిన నీళ్ళు పైకొస్తాయి, చల్లనివి కిందికి దిగుతాయి. లోపలి చెవిలో అర్ధచంద్రాకారంలో మూడు సన్నని గొట్టాలుంటాయి, వాటి నిండా ద్రవం. తల ఎటు తిరిగితే ఆ కబురు మెదడుకి చేర్చేవి అవే. చెవిలో చల్లనీళ్ళు పోస్తే ఆ పక్క ద్రవం కిందికి జారుతుంది, వేణ్ణీళ్ళు పోస్తే పైకి లేస్తుంది. తల కదలకపోయినా కదిలిందని మెదడు మోసపోతుంది. కళ్ళు కొట్టుకోలేదంటే ఆ చెవిలో యంత్రం పని చేయడం లేదన్నమాట. 1906లో దీన్ని వివరంగా ప్రచురించాడు. ఇప్పటికీ ఆస్పత్రుల్లో 30 డిగ్రీలు, 44 డిగ్రీల నీళ్ళతో ఈ పరీక్ష చేస్తారు.

1909లో ఇడా ఫెలిసిటాస్ బెర్గర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. సంసారం కుదురుకునేలోపే యుద్ధం వచ్చింది. సైన్యంలో డాక్టరుగా ప్షెమిషిల్ కోటలో ఉండగా 1915లో కోట పడిపోయి రష్యన్లకి ఖైదీగా చిక్కాడు. మధ్య ఆసియాలో మెర్వ్ అనే చోట ఉంచారు. అక్కడ మలేరియా. అక్కడుండగానే వచ్చింది కబురు, 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకేనని! ఖైదీ డాక్టరుకి నోబెల్... సినిమాలో పెడితే నమ్ముతామా? స్వీడన్ యువరాజు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున పూనుకుని విడిపించాడు. 1916లో స్టాక్‌హోమ్ వెళ్ళి బహుమతి అందుకున్నాడు.

ఇంటికొస్తే వియన్నా నెత్తిన పెట్టుకుందా అంటే అదీ లేదు. ఇతరులు చేసిన పనిని సరిగ్గా పేర్కొనకుండా తన పేరే వేసుకున్నాడని తోటి డాక్టర్లే అభియోగం మోపారు. స్వీడన్ పండితులు ఆయన వైపు నిలబడ్డారు. మనసు విరిగి 1917లో స్వీడన్‌లోని ఉప్సలా వెళ్ళిపోయాడు. మళ్ళీ తిరిగి రాలేదు.

నోబెల్ కన్నా నాకు ముఖ్యమైంది ఉప్సలా రోజుల్లో జరిగింది. 1921లో ఓ ఇరవై ఏడేళ్ళ యువతి సంగతి రాశాడు. కుడివైపు పడుకుంటేనే ఆమెకి లోకం తిరిగేది, అర నిమిషంలో తగ్గేది. వెంటనే మళ్ళీ అటు తిరిగితే రాదు, కాసేపు వెల్లకిలా పడుకుని తిరిగితే మళ్ళీ వస్తుంది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అది నా కథే! లోపలి చెవిలో సున్నపు రేణువులుంటాయి, లోపం వాటి దగ్గరే ఉందని ఆయన ఊహించాడు. ఆమె పేరు ఎక్కడా లేదు. భయపడి ఊహించుకుంటోందని మాత్రం ఆయన అనలేదు.

1936 ఏప్రిల్ 8న, అరవై నిండటానికి రెండు వారాల ముందు, బరానీ కన్నుమూశాడు. 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, హాల్‌పైక్ కలిసి నన్ను పడుకోబెట్టి చూసిన ఆ పరీక్షని పద్ధతిగా వివరించారు. ఈ డిక్స్ యుద్ధకాలపు బాంబుదాడిలో కంటికి, ముఖానికి దెబ్బలు తగిలి శస్త్రచికిత్స వదులుకున్న డాక్టరమ్మ. ఆ రేణువులు ఊడి గొట్టంలోకి జారితేనే ఈ తిరుగుడు అని తర్వాత తేలింది. తలని వరసగా తిప్పుతూ వాటిని చోటికి పంపే పద్ధతిని అమెరికాలో ఎప్లీ అనే డాక్టరు కనిపెట్టి, 1992లో ఫలితాలు ప్రచురించాడు. నాకూ అదే చేశారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడాది మింగిన మాత్రలు తలుచుకుంటే ఏడుపొచ్చింది.

మీకూ పడుకున్నా, ఒత్తిగిల్లినా, తలెత్తినా నిమిషంలోపు గిర్రున తిరుగుతోందా? చెవి డాక్టరుకి చూపించండి. లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మడం వేరు, దానికి రక్తహీనతో, బీపీ పడిపోవడమో కారణం కావచ్చు. తిరుగుడుతో పాటు మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, అడుగు పడకపోయినా నిమ్మకాయ నీళ్ళతో కూర్చోవద్దు. అది పక్షవాతం కావచ్చు, నిమిషాల మీద పెద్దాస్పత్రికి వెళ్ళాలి.

అన్నట్టు, బరానీ లెక్కనీ ఆకాశం పరీక్షించింది. కాగు లెక్క పని చేయాలంటే భూమి ఆకర్షణ ఉండాలి కదా? 1983లో అమెరికా షటిల్‌లో వెళ్ళిన స్పేస్‌ల్యాబ్-1లో, బరువే తెలియని చోట, వ్యోమగాముల చెవుల్ని వేడెక్కించి చూశారు. అక్కడా కళ్ళు కొట్టుకున్నాయి! అంటే ఆయన చెప్పిన కారణం ఒక్కటే చాలదన్నమాట. పరీక్ష మాత్రం అలాగే నిలిచింది.

నాకు ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది గనక ఈసారి భయపడలేదు, వెళ్ళి తల తిప్పించుకొచ్చాను. తర్వాత రాకెట్టు ఎగిరిన రోజు మేడెక్కాను. మా అత్తమ్మ వెనకాలే వచ్చి నా చీర కొంగు పట్టుకుంది. పిట్టగోడ ఆనుకుని, మెల్లగా తలెత్తి, ఆ పొగచార పులికాట్ మీదుగా కనుమరుగయ్యేదాకా చూశాను.