కత్తి పట్టని సర్జన్
మెదడులో కణితి ఉందంటే పుర్రె తెరవాల్సిందే. లార్స్ లెక్సెల్ కుర్ర డాక్టరుగా ఉన్న రోజుల్లో అంతే. 1907లో స్వీడన్‌లో పుట్టిన ఈయన, ఒలివెక్రోనా అనే పేరుమోసిన సర్జన్ దగ్గర పని నేర్చుకున్నారు. లోతున ఉన్న కణితిని అందుకునేలోగా మంచి మెదడుకే దెబ్బ, ఆపై రక్తస్రావం. ఆయనకది మింగుడుపడలేదు.

1949లో తలకు బిగించే చట్రం తయారుచేశారు. కణితి చోటును మిల్లీమీటర్ల లెక్కన పట్టిచ్చేదది. 1951లో కోతకు బదులు రేడియేషన్ వాడొచ్చన్నారు. భౌతిక శాస్త్రవేత్త బోర్యె లార్సన్ తోడయ్యాక, 1968 నాటికి గామా నైఫ్ సిద్ధమైంది. అందులో 179 కోబాల్ట్ కిరణాలు. విడివిడిగా బలహీనమైనవే. అన్నీ కలిసేచోట మాత్రం కణితి తట్టుకోలేదు. పేరుకే నైఫ్, కత్తీ లేదు, కుట్లూ లేవు! అయితే పెద్ద కణితులకిది పనికిరాదు. చిన్నవైనా తగ్గేందుకు నెలలు పడుతుంది.

లెక్సెల్ 1986లో ఆల్ప్స్ కొండల్లో నడుస్తూనే కన్నుమూశారు.