తెనాలి నుంచి ఒక ఎడిటర్

చక్రపాణి అనగానే మనకి గుర్తొచ్చేవి మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ. నాగిరెడ్డి, చక్రపాణి అనే జంట పేర్లు టైటిల్స్‌లో చూస్తూనే పెరిగాం. కానీ సినిమాలకి చాలా ముందు ఆయన మన గుంటూరు జిల్లాలో, స్నేహితుడితో కలిసి పత్రిక పెట్టిన కుర్రాడు. నాకు ఆ చక్రపాణి గురించే రాయాలనిపించింది.

అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలి ఐతానగర్‌లో పుట్టారు. హైస్కూల్లో ఉండగానే జాతీయోద్యమం ప్రభావంతో చదువు ఆపేసి హిందీ నేర్చుకున్నారు. చక్రపాణి అనే కలం పేరు పెట్టింది హిందీ పండితుడు వ్రజనందన శర్మ.

1932లో ఆయనకి క్షయ వచ్చి, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేరారు. టీబీకి పనిచేసే మందు స్ట్రెప్టోమైసిన్ బయటపడింది 1943లో. అంతకుముందు వైద్యం అంటే విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, అంతే. బతుకుతామో లేదో తెలియని ఆ నెలల్లో, ఇరవై నాలుగేళ్ళ ఈయన సాటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు! తిరిగొచ్చి శరత్ నవలల్ని తెలుగు చేశారు. అవి చదివి శరత్‌బాబు తెలుగు రచయితే అనుకున్నవాళ్ళు ఉన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత 1934-35 ప్రాంతంలో, తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి యువ మాసపత్రిక మొదలుపెట్టారు. ఇద్దరికీ పాతికేళ్ళు అటూఇటూ. కుటుంబరావు అప్పటికింకా మనం పాఠాల్లో చదివే కొ.కు. కాదు, ఈయన ఇంకా సినిమా నిర్మాత కాదు. పేరొచ్చాక పత్రిక పెట్టలేదు, పత్రిక పెట్టాకే పేరొచ్చింది. నాకు ఇక్కడ నచ్చింది అదే.

బి.ఎన్. రెడ్డి తీసిన స్వర్గసీమ (1945)కి రచయితగా మద్రాసు వెళ్ళాక నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. 1947 జులైలో ఇద్దరూ కలిసి చందమామ తెచ్చారు. 1952 నుంచి ఆ పని చూసుకున్నది మళ్ళీ కుటుంబరావే. అంటే తెనాలిలో కలిసి పత్రిక నడిపిన స్నేహం, దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పనికొచ్చింది. వడ్డాది పాపయ్య బొమ్మలు చందమామకీ, యువకీ ముఖచిత్రాలయ్యాయి. సినిమాల్లో అంత ఎత్తుకి వెళ్ళినా, ఆయన పత్రికల పని వదల్లేదు. 1975 సెప్టెంబరు 24న చనిపోయారు.

నేను నర్సరీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. తెలుగు పుస్తకం పట్టుకుంటే పేజీకి నాలుగు చోట్ల ఆగుతాను. కానీ 1950ల నాటి చందమామ స్కాన్ కాపీలు ఆగకుండా చదివేశాను. డెబ్బై ఏళ్ళ కిందటి తెలుగు నాకు అర్థమైందంటే అది నా గొప్ప కాదు. చదివే పిల్లాడికి అడ్డం పడే మాట ఉండకూడదని అక్కడ కూర్చుని ఎవరో ప్రతి వాక్యం సరిచూశారు. శరత్ అనువాదాల్లోనూ, మిస్సమ్మ మాటల్లోనూ కనిపించేది ఆ శ్రద్ధే. ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడమే కాదని నాకు అప్పుడే తెలిసింది.

మన మ్యాగజైన్‌కి జీతాల్లేవు, ల్యాబ్ ఎగ్జామ్స్ వస్తే టీమ్ సగమైపోతుంది, ఫైనల్ ఇయర్ వాళ్ళు వెళ్ళిపోతే మళ్ళీ మొదటికి. వచ్చే ఏడాది ఉంటుందా అని అందరికీ డౌటే. అందుకే రెండు ప్రపోజల్స్ పెడుతున్నాను. ఒకటి, వచ్చిన ప్రతి కథనీ రాసినవాళ్ళు కాకుండా ఇంకొకరు పైకి చదవాలి; ఆగిన చోటల్లా రాసినవాళ్ళతో కూర్చుని మార్చాలి. రెండు, ప్రతి సీనియర్ వెళ్ళేలోపు ఒక జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక సంచిక పూర్తిగా చేయించాలి. బొమ్మలు వేసేవాళ్ళకీ ఇదే రూల్. ఇష్టమున్నవాళ్ళు ఈ వారమే పేరు ఇవ్వండి.