వినోబా భావే

వినోబా భావేగా ప్రసిద్ధుడైన వినాయక నరహరి భావే (సెప్టెంబరు 11, 1895 - నవంబరు 15, 1982) స్వాతంత్ర్య సమరయోధుడు, గాంధేయవాది, భూదానోద్యమ ప్రవర్తకుడు. హింసకు దిగినవారితో నేరుగా మాట్లాడి, వారి మనసు మార్చవచ్చునని ఆయన నమ్మాడు.

బాల్యం, గాంధీతో పరిచయం

వినోబా మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించాడు. యౌవనంలో ఆయనను ఒకవైపు హిమాలయాలలోని తపోజీవనం, మరొకవైపు బెంగాలు విప్లవకారుల సాయుధ మార్గం ఆకర్షించాయి. 1916లో చదువు వదలి కాశీ చేరిన వినోబా, గాంధీ ప్రసంగాన్ని పత్రికలో చదివి, అదే సంవత్సరం జూన్ 7న అహ్మదాబాదులో ఆయనను కలిశాడు. తాను కోరిన శాంతి, విప్లవం రెండూ గాంధీలోనే కనిపించడంతో ఆశ్రమంలో చేరాడు. 1932లో ధూలియా జైలులో తోటి ఖైదీలకు వారానికొక అధ్యాయం చొప్పున భగవద్గీతపై మరాఠీలో ప్రసంగించాడు.

పోచంపల్లి

1951లో హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా కాలినడకన వచ్చాడు. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. ఆయన మొదట హైదరాబాదు జైలులోని కమ్యూనిస్టు ఖైదీలను కలిసి మాట్లాడి, తరువాత నల్గొండ జిల్లా పల్లెలకు బయలుదేరాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని దళితులు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. వినోబా ఆ కోరికను గ్రామస్థుల ముందుంచగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ప్రకటించాడు. ఆగ్రహానికి మూలం భూమి లేకపోవడమేనని గ్రహించిన వినోబా ఊరూరా తిరిగి భూమిని అడగసాగాడు. తెలంగాణలోనే సుమారు 12,000 ఎకరాలు లభించాయి. దేశవ్యాప్తంగా దానమైన లక్షలాది ఎకరాలలో చాలా భాగం సాగుకు పనికిరానిదని, వివాదాలలో చిక్కుకున్నదని, పేదలకు చేరలేదని విమర్శలున్నాయి.

చంబల్ లోయ

ఉరిశిక్ష పడిన తహసీల్దార్ సింగ్ జైలు నుండి రాసిన లేఖతో వినోబా 1960 మే నెలలో చంబల్ లోయలో పర్యటించాడు. 20 మంది బందిపోట్లు ఆయన ఎదుట ఆయుధాలు విడిచారు. వారికి క్షమాభిక్ష వాగ్దానం చేయలేదు. చేసిన నేరాలకు న్యాయస్థానాలలో విచారణ ఎదుర్కొన్నారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ కృషితో మరికొన్ని వందల మంది లొంగిపోయారు.

ఆంధ్రదేశంలో ప్రభావం

ఆంధ్ర పర్యటనలో వినోబా ప్రసంగాలను తెలుగులోకి అనువదించిన లవణం, తన భార్య హేమలతతో కలిసి 1970వ దశకంలో బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురంలో నేరస్థుల సంస్కరణకు పూనుకున్నాడు. బ్రిటిషు పాలకులు నేరస్థ తెగలని ముద్రవేసిన కుటుంబాల కోసం ఏర్పడిన ఊరది.

చివరి రోజులు

వినోబాకు 1958లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. చివరిదశలో ఆహారం, మందులు మానివేసి 1982 నవంబరు 15న పౌనార్‌లో మరణించాడు. మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది. తొలి దానం జరిగిన ఊరు నేడు భూదాన్ పోచంపల్లిగా పిలువబడుతోంది.