సేనాని స్మెడ్లీ బట్లరు

అమెరికా సంయుక్తరాష్ట్రములు స్పెయినుపై యుద్ధము ప్రకటించిన 1898వ సంవత్సరమున, పెన్సిల్వేనియా రాష్ట్రములోని వెస్ట్ చెస్టరు పట్టణమున స్మెడ్లీ బట్లరను బాలునకు పదునేడేండ్లు నిండలేదు. ఆతనిది క్వేకరు కుటుంబము. ఆయుధము పట్టుట దైవసమ్మతము కాదని నమ్మెడి శాఖ యది. తండ్రి థామస్ బట్లరు ఆ ముందటి సంవత్సరముననే జాతీయ ప్రతినిధిసభలో ప్రవేశించి, 1928లో మరణించువఱకు ఆ స్థానమును విడువక, నౌకాదళ వ్యవహారముల సంఘమునకు అధ్యక్షుడు కూడ నయ్యెను. శాంతివ్రతులైన క్వేకరుల ప్రతినిధి యుద్ధనౌకల పద్దులను చూచుచుండుట వింతయే. కుమారుడు తన వయస్సును హెచ్చించి చెప్పి మెరీను దళమున ఉపలెఫ్టినెంటుగా చేరి, క్యూబాకు ఓడ నెక్కెను.

ఆ యుద్ధము నాలుగు మాసములైనను సాగలేదు. కాని దానితో అమెరికా చరిత్రగతి మారినది. అంతవఱకు తన ఖండముననే పడమటి సముద్రతీరము దాక విస్తరించిన రాజ్యము ఇప్పుడు క్యూబాపై పెత్తనమును, పోర్టోరికో, గ్వాము, ఫిలిప్పీను దీవులపై స్వామ్యమును సంపాదించెను. ఫిలిప్పీనులకై స్పెయినునకు చెల్లించిన వెల రెండుకోట్ల డాలర్లు. ఆ దీవులవారి యిష్టానిష్టముల నెవరును విచారింపలేదు. స్పెయినుతో పోరాడి స్వాతంత్ర్యము ప్రకటించుకొనిన యా ప్రజలు 1899 ఫిబ్రవరి నుండి అమెరికాతో పోరాడవలసివచ్చెను. ఆ యేడే బట్లరు మనీలాలో దిగెను. అక్టోబరులో నోవెలెటా వద్ద నాతడు తొలిసారి గుండ్లవానను చూచెను.

మరుసటి యేడు చీనాలో బాక్సరుల తిరుగుబాటు నణచుటకు ఎనిమిది రాజ్యముల సేనలు కూడినవి. బ్రిటిషువారి పక్షమున నచట పోరాడినవారిలో మన దేశపు సిక్కులును, రాజపుత్రులును ఉండిరి. చీనా రైతుతో సిక్కునకు గాని పెన్సిల్వేనియా బాలునకు గాని వైరమేమి? 1900 జూలై 13వ తేదీన టియంట్సిను నగరము వెలుపల, గాయపడిన తోటి యధికారిని కాపాడుటకై కందకము నుండి వెలువడిన బట్లరునకు తొడలో గుండు తగిలెను. పందొమ్మిదేండ్లు నిండకమునుపే ఆతడు కాప్టెనయ్యెను. ఆతని ధైర్యమును శంకించినవారు ఆనాడును లేరు, ఈనాడును లేరు.

తరువాతి పదునైదేండ్లు మధ్య అమెరికాయు, కరీబియను దీవులును ఆతని కార్యస్థానములు. ఇచట జరిగినది యుద్ధమని చెప్పుటకంటె అప్పుల వసూలు అని చెప్పుట మేలు. నికరాగువా దేశమున అమెరికను గని కంపెనీ యొకదానిలో గుమాస్తాగా నుండిన అడాల్ఫో డియాజు 1911లో దేశాధ్యక్షుడయ్యెను. న్యూయార్కులోని బ్రౌను సోదరుల బ్యాంకును, సెలిగ్మను బ్యాంకును ఆ ప్రభుత్వమునకు అప్పిచ్చి, సుంకముల వసూలును అమెరికను అధికారి చేతిలో నుంచినవి. ఊరి వడ్డీవ్యాపారి తనఖా పట్టిన పొలమునకు తన మనిషినే కాపు పెట్టినట్లయ్యెను. 1912లో ప్రజలలో నొక వర్గము తిరుగబడగా బట్లరు సైన్యముతో వచ్చెను. తీవ్రజ్వరముతోనే రైలుమార్గమును స్వాధీనపఱచుకొని గ్రెనడా నగరమును చేరెను. అక్టోబరులో కోయోటెపె కొండకోట పడినది. తిరుగుబాటు నాయకుడు బెంజమిను జెలెడాను మరణించెను.

ఆ దినములలో బట్లరు ఇంటికి వ్రాసిన లేఖలు నిలిచియున్నవి. తన మనుష్యులు ఒక బ్యాంకు పెట్టిన సొమ్ము కొఱకు ప్రాణములు కోల్పోవుచున్నారని ఆతడు తలిదండ్రులకు మొఱపెట్టుకొనెను. లేఖ మడిచి పంపి, మరల గుఱ్ఱ మెక్కెను. ఈ సంగతి పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలయును.

1914లో మెక్సికోలోని వెరాక్రూజు రేవును పట్టుకొనినందుకు ఆతనికి అమెరికా సైనికునకు లభింపగల యత్యున్నత పతకము వచ్చెను. తాను చేసిన పనికి అంత గౌరవము తగదని తిరిగి పంపగా, ఉంచుకొని ధరింపవలసినదని పైవారు ఆజ్ఞాపించిరి. ఆ ఒక్క రేవునకు పంచిపెట్టిన పతకములు ఏబదియాఱు!

హైటీ ద్వీపరాజ్యపు కథ వేరు. నీగ్రో బానిసలు ఫ్రెంచి దొరలను పారద్రోలి 1804లో స్థాపించుకొనిన రాజ్యమది. పరదేశీయులకు భూమిపై హక్కుండరాదని దాని తొలి రాజ్యాంగములే శాసించినవి. బానిసత్వమును మరచిపోనివారికి పొలమే స్వాతంత్ర్యము. 1914 డిసెంబరులో అమెరికను మెరీనులు ఆ దేశపు బ్యాంకు నుండి ఐదులక్షల డాలర్ల బంగారమును యుద్ధనౌకపై న్యూయార్కునకు తరలించిరి. 1915 జూలైలో, దేశాధ్యక్షుడు హతుడైన కల్లోలము సాకుగా, వారే వచ్చి దేశమునే ఆక్రమించిరి. నవంబరులో రివియేరు కోటను పట్టి బట్లరు రెండవ పతకము పొందెను. పిదప ఆ దేశపు జెండార్మరీ దళమునకు నాయకుడై, ఇంచుమించుగా పాలకుడే యయ్యెను.

1917లో హైటీ జాతీయసభ, పరదేశీయులకు భూమి దక్కనీయని రాజ్యాంగమునే మరల వ్రాయుచుండగా, బట్లరు సాయుధులతో సభాభవనమునకు వచ్చి సభను రద్దుపఱచెను. మరుసటి యేడు మరియొక రాజ్యాంగము ప్రజల వోటునకు పెట్టబడెను. తొంబదియెనిమిది వేలకు పైగా అనుకూలము, ఎనిమిదివందలకు లోపున వ్యతిరేకము! సైనికులు చుట్టునుండగా తీసికొనిన వోటు ఇట్లుగాక మరెట్లుండును? విదేశీయులు భూమి కొనుటకు ద్వారము తెరువబడెను. పాత శాసన మొకదానిని వెదకి తీసి రైతులచే రోడ్లు వేయించిరి. మన పల్లెలు వెట్టి యనుపేర నెఱిగిన పీడనయే యది. పారిపోయినవారిని త్రాళ్ళతో కట్టి తెచ్చిన సందర్భములు కలవు. నూరుమైళ్ళకు పైబడి రోడ్డు పడినది, నిజమే. దాని వెంబడి తిరుగుబాటును లేచినది. 1918 మొదలు 1920 వఱకు అందు రెండువేలకు పైగా హైటీ ప్రజలు మరణించిరి. బట్లరు 1918లోనే ద్వీపమును విడిచెను. మెరీనులు మాత్రము 1934 వఱకు కదలలేదు.

మహాయుద్ధమున ఆతడు ఫ్రాన్సునకు పోయెను గాని రణరంగమున కాతనిని పంపలేదు. బ్రెస్టు రేవు చెంత బురదలో, విషజ్వరముతో క్రుళ్ళుచున్న సైనిక శిబిరమును బాగుచేయుట యాతని పని. రేవులో నున్న బల్లలను సైనికులచే మోయించి, తానును భుజము కలిపి మోసి, బురదపై దారులు వేయించెనని అచట నుండినవారు చిరకాలము చెప్పుకొనిరి. 1924లో ఫిలడెల్ఫియా నగర రక్షకభటులకు అధిపతియై మద్యనిషేధ శాసనమును అమలుజరుపబూనెను. పేదల సారాయంగళ్ళు మూయించునంతకాలము నగరప్రముఖులు చప్పట్లు చరచిరి. ధనికుల హోటళ్ళపై చేయి వేయగనే ఉద్యోగ మూడినది.

ఇంతలో లోకమున కొత్త భయమొకటి పుట్టినది. 1917 నాటి రష్యా విప్లవానంతరము అమెరికాలో సమ్మెకట్టిన ప్రతి కూలియు బోల్షివిక్కుగా కనబడసాగెను. న్యాయశాఖాధిపతి పామరు 1919–20లలో వేలాది జనులను నిర్బంధింపజేసెను. 249 మందిని ఒకే యోడలో రష్యాకు పంపివైచిరి. 1927లో చీనా జాతీయసేనలు ఉత్తరముగా నడచుచుండ, అమెరికనుల ధనప్రాణరక్షణకై బట్లరు వేలకొలది మెరీనులతో మరల టియంట్సిను చేరెను. ఈ పర్యాయ మాతడు ఒక్క తుపాకి పేల్చనీయలేదు. వంతెనలు కట్టించి, దారులు బాగుచేయించి, గ్రామస్థుల చేత గౌరవార్థము పట్టుఛత్రములను బహుమానముగా పొందెను. ఇరువదియేడేండ్ల క్రితము రక్తము చిందిన నేలపైననే యిది జరిగినది. ఆతని మనస్సు మారుట నిచటినుండియే లెక్కింపవచ్చునని మా యభిప్రాయము.

1931లో ఒక ఉపన్యాసమున, ముస్సోలినీ కారు క్రింద నొక బిడ్డ పడగా ఆతడు వెనుకకైన చూడకపోయెనని తాను వినిన కథను బట్లరు చెప్పెను. ఇటలీ ప్రభుత్వము ఫిర్యాదు చేసినది. అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పి, రెండు పతకముల సేనానిని నిర్బంధమున నుంచి సైనికన్యాయస్థానపు విచారణకు సిద్ధపడెను. ప్రజలు ఆగ్రహింపగా మందలింపుతో సరిపెట్టిరి. ఆ యక్టోబరున ఆతడు ఉద్యోగము నుండి విరమించెను.

1932 వేసవిలో పనిలేని మాజీ సైనికులు వేలకొలది భార్యాబిడ్డలతో వాషింగ్టను చేరిరి. మహాయుద్ధమున చేసిన సేవకు 1924 శాసనము వాగ్దానము చేసిన బోనసు 1945లో చెల్లవలసినది. ఆకటికి అంతవఱకు ఆగు శక్తి లేదు గనుక ఇప్పుడే యిమ్మని వారి కోరిక. బట్లరు జూలైలో వారి గుడిసెల నడుమకు పోయి, ఉపన్యసించి, రాత్రి యచటనే గడపెను. శాసనమును మీఱవద్దనియు, హక్కును విడువవద్దనియు హెచ్చరించెను. జూలై 28వ తేదీన పోలీసు కాల్పులలో ఇరువురు మాజీ సైనికులు గాయపడి మరణించిరి. అదే సాయంకాలము సేనాధిపతి మెకార్తరు ఆశ్వికులతో, టాంకులతో, బాష్పవాయువుతో వచ్చి వారిని తరుమగా గుడిసెలు తగులబడినవి. వారు సైనికులు కారు, కమ్యూనిస్టులును నేరస్థులును అని ప్రభుత్వము ప్రకటించెను. ప్రభుత్వపు మాజీసైనికశాఖ యే తీసిన లెక్కలో నూటికి 94 మంది నిజముగా సైన్యమున గాని నౌకాదళమున గాని సేవచేసినవారు! మనీలా, టియంట్సిను పోరులలో దేశభక్తులనిపించుకొనిన తరగతివారే కూలి యడిగినంత కమ్యూనిస్టులైరి. ఆజన్మ రిపబ్లికను పక్షీయుడైన బట్లరు ఆ యేటి ఎన్నికలలో రూజ్వెల్టును సమర్థించెను. 1917లో నౌకాశాఖ సహాయకార్యదర్శిగా హైటీకి వచ్చిన ఆ రూజ్వెల్టునే బట్లరు రివియేరు కోటకు గొనిపోయి చూపియుండెను.

మాజీ సైనికులలో ఆతని పలుకుబడి ధనికుల దృష్టి నాకర్షించినది. 1933 నుండి జెరాల్డు మెగ్వైరు అను బాండ్ల వర్తకుడు ఆతని యింటికి రాకపోకలు సాగించెను. మొదట బంగారు ద్రవ్యవిధానమును సమర్థించుచు ఉపన్యసింపుమనెను. పిమ్మట ఐదులక్షల మాజీ సైనికులకు నాయకత్వము వహించి, అధ్యక్షునిపై వత్తిడి తెచ్చి, అధికారమును నామమాత్రము చేయవలయునని సూచించెనని బట్లరు 1934 నవంబరులో ప్రతినిధిసభ విచారణ సంఘము నెదుట ప్రమాణపూర్వకముగా చెప్పెను. బట్లరు సాక్షిగా తెచ్చిన పత్రికా విలేఖరియు, కమ్యూనిస్టుల నుండి దేశమును రక్షింప ఫాసిస్టు ప్రభుత్వము అవసరమని మెగ్వైరు తనతో ననెనని చెప్పెను. మెగ్వైరు అన్నింటిని కాదనెను. పెద్ద పత్రికలు నవ్వివైచినవి. అట్టి యత్నమును గూర్చి చర్చలు జరిగినవనుట నిస్సందేహమని సంఘము 1935 ఫిబ్రవరి నివేదికలో వ్రాసినది. ఐనను ఎవరిపైనను అభియోగము రాలేదు. మెగ్వైరు మరుసటి మాసముననే మరణించెను. అది నిజమైన కుట్రయా, లేక కొందరి వాచాలతయా అను విషయమున చరిత్రకారులు నేటికిని భేదించుచున్నారు. మా మట్టునకు, కమ్యూనిజమను పేరు చెప్పి ప్రజాస్వామ్యమును తలక్రిందులు చేయవచ్చునను తలంపు పుట్టుటయే గమనింపదగినది.

1935లో, యుద్ధమొక దోపిడి వ్యాపారమను నర్థమిచ్చు పేరుతో ఆతడు చిన్న పుస్తకమొకటి ప్రకటించెను. ఒక పత్రికలో తన సేవాజీవితమంతయు బ్యాంకులకు, చమురు కంపెనీలకు బంట్రోతుతనమని ఒప్పుకొనెను. యుద్ధకాలమున సైనికుని జీతమే కర్మాగారపు యజమానికిని ఈయవలయు ననియు, యుద్ధము చేయుటయా మానుటయా అని పోరాడవలసినవారే వోటు వేయవలయు ననియు, నౌకాదళము స్వదేశతీరమును దాటి దూరము పోరాద నియు ఆతని సూచనలు. ఊరూర తిరిగి ఈ మాటలే చెప్పెను. సహజముగనే ఆతనిని కూడ కొందరు కమ్యూనిస్టనిరి.

ఆతనిని మహాత్మునిగా చిత్రించువారితో మేము ఏకీభవింపజాలము. 1912 నాటి లేఖలే సాక్ష్యము. ఆతడు సత్యమెఱుగనివాడు కాడు. ఎఱిగియు ఇరువది యేండ్లు ఆజ్ఞలను శిరసావహించెను. పింఛను చేతికి వచ్చిన పిమ్మట నోరు విప్పెను. హైటీలో వెట్టి చేసినవారికి ఆ యొప్పుకోలు వలన ఒరిగినదేమియు లేదు. ఐనను, అంతటి పదవి ననుభవించి, తన చేతులను తానే పదిమందికి చూపినవారు ఏ సామ్రాజ్యమున నెందరున్నారు?

1940 జూన్ 21వ తేదీన ఫిలడెల్ఫియా నౌకాదళ వైద్యశాలలో ఆతడు మరణించెను. పారిసు నగరము జర్మనుల వశమై అప్పటికి వారము దినములు. ఆతని వాఙ్మూలము వినిన సంఘమునకు వారసురాలుగా 1938లో నేర్పడిన సంఘము, 1945లో శాశ్వతమై, గుమాస్తాలను, ఉపాధ్యాయులను, చలనచిత్ర రచయితలను కమ్యూనిస్టులని విచారించుటకు ప్రసిద్ధి కెక్కెను. నికరాగువాలో మెరీనులు తరిఫీదిచ్చిన జాతీయ రక్షకదళపు నాయకుడు సొమోజా దేశమును చేజిక్కించుకొనగా, కమ్యూనిజమునకు అడ్డుగోడ యనుపేర అమెరికా ప్రాపున ఆతని కుటుంబము 1979 వఱకు ఏలెను. 1945 యుద్ధానంతరము జపానులోని ఒకినావా ద్వీపమున రైతుల పొలములను గైకొని అమెరికా కట్టిన మెరీను స్థావరములకు ఈ సేనాని పేరే పెట్టిరి. అవి నేటికిని బట్లరు శిబిరమనియే పిలువబడుచున్నవి.